మూడో ఏడాది వేసవి ఇంటర్న్‌షిప్: సర్టిఫికెట్ కొనుక్కోవాలా, ఎక్కడైనా పనికి పోవాలా? (ఈఈఈ, అనంతపురం)

అనంత ఈఈఈ

అందరికీ నమస్తే. అనంతపురంలో బీటెక్ ఈఈఈ (ఎలక్ట్రికల్) మూడో ఏడాది చదువుతున్నా, జేఎన్టీయూఏ కింద ఉండే ప్రైవేటు కాలేజీ. ఇంకో రెండు నెలల్లో సెమిస్టర్ పరీక్షలు అయిపోతాయి. ఆ తర్వాత వేసవి ఇంటర్న్‌షిప్ చేసి రిపోర్టు ఇవ్వాలి, నాలుగో ఏడాది మొదట్లో వైవా పెట్టి క్రెడిట్లు వేస్తారు. మా క్లాసులో సగం మందికి పైగా ఒక ఆన్‌లైన్ సంస్థకు రెండు వేల ఐదొందలు కట్టేశారు. వీడియోలు వస్తాయి, చూసినా చూడకపోయినా ఎనిమిది వారాల తర్వాత సర్టిఫికెట్ మెయిల్‌కి వచ్చేస్తుందట. నన్ను కూడా కట్టేయమంటున్నారు, లేకపోతే ఆఖర్లో టెన్షన్ పడతావంటున్నారు.

నాకు కట్టాలని లేదు, ఎందుకో చెప్తా. రెండో ఏడాది అయిపోయాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కింద ఒక పల్లెలో బోర్ల సర్వే చేశాం. ఈ ఏడాది మోటార్లు ఎన్ని కాలిపోయాయి అని అడిగితే దాదాపు ప్రతి ఇంట్లో ఒకటి చెప్పారు. ఒక పెద్దాయన ఫారంలో వేలిముద్ర వేసి, "అబ్బీ, నువ్వు కరెంటు చదువే కదా, అవి ఎందుకు కాలతాండాయో చెప్పు" అని నన్నే అడిగాడు. నాకు నోరు పెగల్లేదు. ఆ సెమిస్టర్‌లోనే ఇండక్షన్ మోటార్ల సబ్జెక్టులో నాకు మంచి గ్రేడు వచ్చింది. సర్క్యూట్ గీయమంటే గీస్తా, స్లిప్ లెక్క కట్టమంటే కడతా, ఆయనకు మాత్రం జవాబు చెప్పలేకపోయా. అది ఇప్పటికీ మనసులో నలుగుతానే ఉంది.

మా పెదనాన్న కొడుకు కెనడాలో చదువుతున్నాడు. అక్కడ కోఆప్ అని ఉంటుందట, నాలుగు నెలలు క్లాసులు, నాలుగు నెలలు జీతంతో కంపెనీలో పని, మళ్ళీ క్లాసులు. మన దగ్గర అలాంటిది ఉందా? లేకపోతే అనంతపురం, కడప, కర్నూలు చుట్టుపక్కల ఈఈఈ వాళ్ళని పనిలోకి రానిచ్చే చోట్లు ఏవి, అక్కడికి పోయి ఎవరిని అడగాలి? మాది బెళుగుప్ప దగ్గర పల్లె, సేద్యం. మాకు తెలిసిన ఆఫీసర్లు ఎవరూ లేరు. హైదరాబాదు పోయి హాస్టల్లో ఉండే స్తోమత లేదు. ఏ సలహా అయినా ఇవ్వండి.

తాడిపత్రి ఎలక్ట్రికల్

తమ్ముడూ, ఆ రెండున్నర వేలు ఇంట్లోనే ఉంచు. నేనూ ఈఈఈనే, కడపలో చదివి ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంట్ ఫ్యాక్టరీలో ఆరు వారాలు ఇంటర్న్‌షిప్ చేశా, ఇప్పుడు తాడిపత్రి వైపు ఇంకో ప్లాంట్‌లో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో ఉన్నా. మన సీమలో ఎర్రగుంట్ల, తాడిపత్రి, నంద్యాల వైపు సున్నపురాయి ఉంది కాబట్టి ఫ్యాక్టరీలూ ఉన్నాయి. ముద్దనూరు దగ్గర ఆర్టీపీపీ థర్మల్ కరెంటు ప్లాంటు ఉంది, 1,650 మెగావాట్లు. ఓర్వకల్లు వైపు 1,000 మెగావాట్ల సోలార్ పార్కు, గుత్తిలో రైల్వే లోకో షెడ్డు, పెనుకొండ దగ్గర కియా, దాని చుట్టూ విడిభాగాల కంపెనీలు. చోట్లకు కొదవ లేదు. లోపలికి పోవడమే కష్టం, దాని సంగతి తర్వాత చెప్తా.

నాకు మొదటి మూడు రోజులు సేఫ్టీ క్లాసులే. తర్వాత ఫోర్‌మన్ ఒక పుస్తకం చేతికిచ్చి, ఈ సెక్షన్‌లో ఉన్న మోటార్లన్నిటి నేమ్‌ప్లేట్లు చూసి రాసుకురా అన్నాడు. కిలోవాట్లు, ఆంపియర్లు, ఆర్‌పీఎం, బేరింగ్ నంబరు, ఏ ప్యానెల్ నుంచి ఫీడ్ వస్తోంది. ఇదేం పని, గుమాస్తా పని కదా అని లోపల బాధపడ్డా. ఎండాకాలం, ఆ దుమ్ము, హెల్మెట్ కింద చెమట, నేమ్‌ప్లేట్ మీద సిమెంట్ గట్టిపడి ఉంటే గుడ్డతో గీకి గీకి చదవాలి. పది రోజులు పట్టింది. పదో రోజుకి ఏ మోటారు ఆగితే ఏది ఆగుతుందో నాకు కళ్ళు మూసుకున్నా తెలిసేది. క్లాసులో నాలుగు డబ్బాలు, మూడు బాణాలుగా చూసిన ఇంటర్‌లాక్ అంటే ఇదా అని అప్పుడు అర్థమైంది.

ఇంకొకటి చెప్పాలి. నేనున్నప్పుడే కిల్న్, అంటే సున్నపురాయిని కాల్చే పెద్ద కొలిమి, ఆపారు, లోపల వేడికి తట్టుకునే ఇటుకలు మార్చడానికి. క్లింకర్ (పొడి చేసి సిమెంట్ చేసేది ఇదే) తయారు కావాలంటే 1,450 డిగ్రీల దాకా వేడి కావాలి, ఆ ఇటుకలు లేకపోతే బయటి ఇనుప గొట్టం నిలవదు. కిల్న్ ఆగితే ఎలక్ట్రికల్ వాళ్ళకు పండగే, ఎన్నాళ్ళుగానో పెండింగ్‌లో ఉన్న పనులన్నీ అప్పుడే చేస్తారు. ఒక ఫ్యాన్ మోటారు కార్బన్ బ్రష్‌లు మార్చడానికి నన్ను తోడు తీసుకుపోయారు. బ్రేకర్ ఆపి, ఫోర్‌మన్ తన తాళం వేశాడు, హెల్పర్ తన తాళం వేశాడు, నా చేతికి కూడా ఒక తాళం ఇచ్చి వేయమన్నాడు. తాళంచెవి ఆయనకివ్వబోతే తీసుకోలేదు. "నీ ప్రాణం తాళంచెవి నీ జేబులోనే ఉండల్ల, నా జేబులో గాదు" అన్నాడు. ముగ్గురి తాళాలూ తీసేదాకా ఆ బ్రేకర్ ఎవరూ ఎక్కించలేరు. తర్వాత ఉద్యోగం ఇంటర్వ్యూలో ఈ ఒక్క విషయం మీదే పావుగంట మాట్లాడించారు నన్ను.

ఇక ఎలా అడగాలి అంటావా. ఫ్యాక్టరీ వాళ్ళు స్టూడెంట్లని ఎందుకు వద్దంటారో ముందు తెలుసుకో. ఏదైనా జరిగితే బాధ్యత వాళ్ళది, మన వెంట ఒక మనిషిని పెట్టాలి. కాబట్టి జనవరి, ఫిబ్రవరిలోనే లెటర్ పంపాలి. ఏప్రిల్ ఆఖర్లో పోతే అప్పటికే జాబితా నిండిపోయి ఉంటుంది. ఈ ఏడాదికి నీకు ఆలస్యమైంది, అయినా ప్రయత్నించు. కాలేజీ లెటర్‌హెడ్ మీద హెచ్‌ఓడీ సంతకం, నీ ఐడీ, ఆధార్, ఇన్సూరెన్స్ కాగితం పెట్టు. హెచ్‌ఆర్‌కి పంపి ఊరుకోకుండా ఎలక్ట్రికల్ హెడ్‌కి కూడా ఒక కాపీ పంపు. లెటర్‌లో "ఏదైనా నేర్చుకుంటాను" అని రాయొద్దు, అలా రాసినవి కుప్పలు వస్తాయి. "మోటార్లు ఎందుకు కాలిపోతాయో నేర్చుకోవాలని ఉంది, నేమ్‌ప్లేట్ల డేటా రాయడం లాంటి ఏ పని చెప్పినా చేస్తా" అని రాయి. ఫ్యాక్టరీలో దొరక్కపోతే, అదే ఫ్యాక్టరీకి మెయింటెనెన్స్ చేసే కాంట్రాక్టర్ల దగ్గరికి పో, వాళ్ళకు మనుషుల అవసరం ఎప్పుడూ ఉంటుంది.

కర్నూలు సీఎస్ఈ

బ్రో, నేను డబ్బు కట్టినవాళ్ళలో ఒకణ్ణి, కాబట్టి వాళ్ళ వైపు మాట కూడా చెప్తా. అందరూ బద్ధకంతో కట్టరు. మా రూమ్మేట్ వేసవిలో వాళ్ళ నాన్నతో పాటు పనికి పోవాలి, ఇంటర్న్‌షిప్ అని ఆరు వారాలు ఊరు వదిలితే ఇంట్లో గడవదు. వాడికి ఆ సర్టిఫికెట్ తప్ప దారి లేదు, వాణ్ణి నేను తప్పు పట్టను. కానీ నా విషయంలో మాత్రం ఆ డబ్బు దండగే అయింది. మొదటి ఇంటర్వ్యూలో రెజ్యూమె చూసి, ఇందులో నువ్వు చేసిన భాగం ఏది అన్నారు. వీడియోలో వాళ్ళు చేసిన ప్రాజెక్టే నా పేరుతో ఉంది. చెప్పలేక చెప్పలేక ఏదో చెప్పా, అక్కడితో అయిపోయింది.

తర్వాత మా మామ ఎరువుల షాపులో కూర్చున్నా. ఆయన ఖాతా పుస్తకం చూసి అప్పుల లెక్కకి, స్టాక్‌కి చిన్న ప్రోగ్రాం రాశా. రాయడం వారం, సరిచేయడం రెండు నెలలు. రైతు పంట అమ్మాక కట్టే బాకీకి వడ్డీ ఏ రోజు నుంచి వేయాలి, ఒకే ఊళ్లో ఒకే పేరున్న ఇద్దరిని ఎలా వేరు చేయాలి, ఇవి ఏ వీడియోలోనూ లేవు. రెండో ఇంటర్వ్యూలో ఇదే చెప్పా, ఉద్యోగం వచ్చింది. మా బ్రాంచికి ల్యాప్‌టాప్ ఉంటే ఎక్కడైనా పని చేసుకోవచ్చు, నీ బ్రాంచికి అలా కుదరదు, నువ్వు యంత్రం దగ్గరికి పోవాల్సిందే.

సబ్‌స్టేషన్ అన్న

ఈ పోస్టు మొన్న చూశా, తీరిక దొరికి ఇవాళ రాస్తున్నా. నేను మన సీమలోనే ఒక 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో, అంటే 33 వేల ఓల్టులను 11 వేలకు దించే చోట, పని చేస్తున్నా.

కరెంటు ఆఫీసులో ట్రైనింగ్ కావాలంటే కాలేజీ లెటర్ పట్టుకుని సర్కిల్ ఆఫీసుకి, అంటే జిల్లా ఎస్‌ఈ (సూపరింటెండింగ్ ఇంజనీర్) ఆఫీసుకి పోవాలి. సెక్షన్‌లో ఏఈని (అసిస్టెంట్ ఇంజనీర్‌ని) నేరుగా అడిగితే ఆయనకు ఇష్టమున్నా పైనుంచి కాగితం లేనిదే రానివ్వలేడు. అనుమతి దొరికితే మాత్రం వదులుకోవద్దు. లోపల ఏముంటుంది చూడ్డానికి అనుకుంటారు చాలామంది. గంట గంటకీ రాసే లాగ్‌షీట్ ఒక్క నెలది తీసుకుని కూర్చో. ఏ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్ళకు పోయే లైను) మీద లోడు ఎప్పుడు ఎక్కుతోంది, ఓల్టేజీ ఎప్పుడు పడిపోతోంది, వ్యవసాయానికి త్రీఫేజ్ ఇచ్చే వేళకు ఏం జరుగుతోంది, అంతా అందులో ఉంటుంది. ఊరి మోటార్లన్నీ ఆటో స్టార్టర్లతో ఒక్కసారిగా లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఎలా మూలుగుతుందో అక్కడ నిలబడి వింటేనే తెలుస్తుంది.

ఎల్‌సీ అనే మాట నీ పుస్తకంలో ఉండదు. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు ఆ ఫీడర్ మీద ఎల్‌సీ తీసుకుంటాడు, అంటే లైన్ క్లియర్. ఎవరు తీసుకున్నారు, ఏ ఫీడరు, ఎన్ని గంటలకు, అన్నీ రిజిస్టర్‌లో రాస్తాం. తీసుకున్న మనిషే తిరిగి ఇస్తేనే లైను ఛార్జ్ చేస్తాం. ఒకసారి సాయంత్రం పూట, ఊళ్లో పెళ్ళి ఉంది, కరెంటు లేదని పెద్దమనుషులు నా ముందు నిలబడ్డారు. లైన్‌మన్ ఫోను కలవడం లేదు. పని అయిపోయి ఉంటుంది, వేసేయమంటారు. నేను వేయలేదు, నలభై నిమిషాలు తిట్లు తిన్నా. ఆ మనిషి బండి మీద వచ్చాడు, ఫోన్ చార్జింగ్ అయిపోయిందట, పని ఇంకా సగమే అయిందని చెప్పి మెటీరియల్ కోసం వచ్చాడు. ఆ రోజు తర్వాత మా దగ్గరికి ఏ స్టూడెంట్ వచ్చినా మొదట ఆ రిజిస్టరే చూపిస్తా.

ఇక నీ అసలు ప్రశ్న, ఆ పెద్దాయన అడిగింది. దానికి జవాబు మా దగ్గర సగమే ఉంది. మిగతా సగం మోటార్ వైండింగ్ షాపులో ఉంది. అనంతపురంలో ఎన్ని షాపులున్నాయో నీకు తెలుసు, వేసవిలో ఏ షాపు ముందు చూసినా సబ్‌మెర్సిబుల్ మోటార్లు వరసగా పడి ఉంటాయి. కంపెనీ కాదు, బోర్డు కూడా సరిగ్గా ఉండదు, అయినా ఏడాదికి వందల మోటార్లు విప్పి చూసిన మేస్త్రి అక్కడ ఉంటాడు. ఎస్‌ఈ ఆఫీసు అనుమతి వచ్చేదాకా ఖాళీగా కూర్చోకుండా ఒక మంచి మేస్త్రిని పట్టుకో. మా ఎస్‌పీఎం షెడ్డులో కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్లు బాగుచేస్తారు, ఆయిల్ టెస్ట్ చేస్తారు, 2.5 మిల్లీమీటర్ల గ్యాప్‌లో ఎన్ని కేవీల దాకా తట్టుకుంటుందో చూస్తారు. ఆఖరి సెమిస్టర్‌కి దానికి పెట్టుకో.

ఒక్క మాట, ఎక్కడికి పోయినా సరే, ప్యానెల్ తలుపు నువ్వొక్కడివే తెరవొద్దు. చెప్పులతో పోవద్దు. మెళ్ళో గొలుసు, చేతికి కడియం ఉంటే ఇంట్లో పెట్టి పో.

కడప నుంచి కోఆప్

కోఆప్ గురించి అడిగావు కాబట్టి చెప్తున్నా తమ్ముడూ. మాది కడప, ఇక్కడే బీటెక్ చేసి అమెరికాలో ఎంఎస్ చేశా, అక్కడ ఆరు నెలలు కోఆప్ చేశా.

ఇది కొత్తది కాదు. 1906లో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ అనే ఇంజనీరింగ్ ప్రొఫెసర్ 27 మంది విద్యార్థులతో మొదలుపెట్టాడు. కొన్నాళ్ళు తరగతి, కొన్నాళ్ళు కార్ఖానా, మళ్ళీ తరగతి. మీ అన్న చెప్పిన నాలుగు నెలల పద్ధతికి కెనడాలో పేరున్నది వాటర్‌లూ విశ్వవిద్యాలయం, అక్కడ 1957లో మొదలైంది. మన దేశంలో బిట్స్ పిలానీలో 1973 నుంచి ప్రాక్టీస్ స్కూల్ పేరుతో ఇలాంటిదే ఉంది. మన పాలిటెక్నిక్‌లలో డిప్లొమా వాళ్ళకి ఇండస్ట్రియల్ ట్రైనింగ్ ఎప్పటి నుంచో ఉంది. మీ క్లాసులో ఈసెట్ రాసి రెండో ఏడాదిలో చేరినవాళ్ళు ఉంటారు కదా, వాళ్ళని అడుగు, ట్రైనింగ్ ఎక్కడ చేశారో, అక్కడ ఎవరు మంచివాళ్ళో చెప్తారు. మన బీటెక్ వాళ్ళం వాళ్ళని అడగం, ఎందుకో నామోషీ.

తేడా ఎక్కడుందంటే, కోఆప్‌లో జీతం ఇస్తారు. జీతం ఇస్తున్నారు కాబట్టి పని చెప్తారు, పని చెప్తారు కాబట్టి తప్పు చేస్తే అడుగుతారు. నా మొదటి నెలలో నేను పంపిన ఒక టెస్ట్ రిపోర్టులో యూనిట్లు తప్పు రాశా. మా మేనేజర్ కోప్పడలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ రిపోర్టు ఎవరెవరికి పోతుందో, ఏ భాగం ఆర్డరు దాని మీద ఆధారపడి ఉందో చూపించింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను రాసే అంకె మీద ఇంకొకరు డబ్బు ఖర్చు పెడతారని అప్పటిదాకా నాకెప్పుడూ అనిపించలేదు. మన ల్యాబ్ రికార్డులో రీడింగులు పక్కవాడి దగ్గర చూసి రాసుకుని నాలుగేళ్ళు గడిపినదాన్ని.

రేపు ఎంఎస్‌కి పోవాలనుకునేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక జాగ్రత్త. అమెరికాలో కోఆప్ చేయాలంటే ఎఫ్-1 (స్టూడెంట్) వీసా మీద సీపీటీ, అంటే చదువుతూనే పని చేసే అనుమతి కావాలి. మామూలుగా ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాకే ఇస్తారు. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు నిండితే చదువు అయ్యాక ఆ డిగ్రీ మీద రావాల్సిన ఓపీటీ, అంటే పని చేసుకునే అనుమతి, పోతుంది. ఆశపడి రెండు కోఆప్‌లు చేసేవాళ్ళు ఈ లెక్క ముందే చూసుకోవాలి.

నీకు నా సలహా ఏంటంటే, ఇక్కడ కోఆప్ లేదని బాధపడొద్దు, ఆ పద్ధతిని నువ్వే చేసుకోవచ్చు. ఈ వేసవి ఒకచోట ఆరు వారాలు, నాలుగో ఏడాది మొదటి సెమిస్టర్ క్లాసులు, ఆఖరి సెమిస్టర్ అంతా మళ్ళీ అదే చోటో, దానికి దగ్గరి పనో. మీ రెగ్యులేషన్‌లో ఆఖరి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌కి, ప్రాజెక్టుకే కదా. ఇప్పుడు చూసిన సమస్య మీద అప్పుడు ప్రాజెక్టు చెయ్యి. ఎంత తక్కువైనా సరే, డబ్బులు ఇస్తారా అని అడుగు. అడగడం తప్పు కాదు. ఆడపిల్లలు ఎవరైనా చదువుతుంటే వాళ్ళకు ఇంకో మాట, చేరే ముందు బస్సు వేళలు, అక్కడ ఇంకెవరైనా ఆడవాళ్ళు పని చేస్తున్నారా, బాత్రూం ఉందా, ఇవన్నీ మొహమాటం లేకుండా కనుక్కోండి. నేను బీటెక్‌లో ఉన్నప్పుడు ఒకచోట ఇవేవీ అడక్కుండా చేరి తొమ్మిది రోజులకే మానేశా.

అనంత ఈఈఈ

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు, అందరికీ చాలా థాంక్స్. ఎస్‌ఈ ఆఫీసుకి లెటర్ ఇస్తా. వైండింగ్ షాపు సంగతి మా ఇన్‌ఛార్జ్‌తో అంటే, లెటర్‌హెడ్ ఉన్న కంపెనీ అయితేనే క్రెడిట్ వేస్తాం అన్నారు. ఏం చేయాలి?

లెక్చరర్, కర్నూలు

బాబూ, నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఇంటర్న్‌షిప్ కోఆర్డినేటర్‌గా ఉన్నాను. మా వైపు నిజం కూడా చెప్తా. నా దగ్గర నూట ఎనభై మంది, నాకు దొరికే చోట్లు నలభై. మిగతావాళ్ళు ఆన్‌లైన్ సర్టిఫికెట్ తెస్తే తీసుకుంటున్నా. తీసుకున్న ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

మీ ఇన్‌ఛార్జ్‌కి కావాల్సింది లెటర్‌హెడ్ కాదు, రేపు ఎవరైనా తనిఖీకి వస్తే చూపించడానికి ఆధారం. అది నువ్వు తయారు చేయి. షాపుకి జీఎస్టీ నంబరో, మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సో ఉందేమో చూడు. ఉంటే బిల్లు పుస్తకం కాగితం మీదే యజమాని సంతకంతో నువ్వు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పని చేశావో రాయించు. రోజూ ఒక పేజీ డైరీ రాయి: ఏ మోటారు వచ్చింది, ఎన్ని హెచ్‌పీ, ఏం పాడైంది, నువ్వు ఏం చేశావు, ఏం కొలిచావు. మొదటి వారం అయ్యాక ఆ డైరీ తీసుకుపోయి హెచ్‌ఓడీకి చూపించు, ఇన్‌ఛార్జ్‌కి కాదు. ముందే అనుమతి అడిగితే వద్దనడం సులభం. నిండిన డైరీ చేతిలో పెడితే వద్దనడానికి మనసొప్పదు. నా దగ్గరికి అలా తెచ్చినవాణ్ణి ఇంతవరకు నేను వెనక్కి పంపలేదు.

ఇంకో రెండు విషయాలు, చాలామంది కలిపేసి గందరగోళపడుతున్నారు. ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం అని 2024లో వచ్చింది కదా, వచ్చినప్పుడు అది రెగ్యులర్‌గా చదువుతున్నవాళ్ళకి కాదు, ఇప్పటి నిబంధన చూసుకోకుండా దానికి అప్లై చేసి టైం వేస్ట్ చేసుకోవద్దు. కేంద్ర ప్రభుత్వ నాట్స్ పోర్టల్‌లో ఉండే అప్రెంటిస్‌షిప్ అయితే బీటెక్ పాసయ్యాక, ఏడాది పాటు. 2019లో సవరించిన నిబంధనల్లో గ్రాడ్యుయేట్లకి నెలకు కనీసం 9,000 రూపాయల స్టైపెండ్ పెట్టారు. ఉద్యోగం వెంటనే రాకపోతే ఇంట్లో కూర్చునే బదులు అది చాలా మేలు, పవర్ ప్లాంట్లు, పెద్ద ఫ్యాక్టరీలు ఆ దారిలో తీసుకుంటాయి.

అనంత ఈఈఈ

అన్నలూ, అక్కా, సార్, నాలుగు నెలల తర్వాత మళ్ళీ రాస్తున్నా. ఎస్‌ఈ ఆఫీసు నుంచి అనుమతి ఆలస్యంగా వచ్చింది, రెండు వారాలే దొరికింది. మిగతా ఆరు వారాలు టవర్ క్లాక్ నుంచి కొంచెం లోపలికి ఉన్న ఒక వైండింగ్ షాపులో చేశా. మేస్త్రి పదో తరగతి చదివాడు, ముప్పై ఏళ్ళ నుంచి ఇదే పని. మొదట వద్దన్నాడు, బీటెక్ పిల్లోళ్ళు రెండు రోజులుండి ఫోటోలు తీసుకుని పోతారన్నాడు. వారం రోజులు ఏ పనీ ముట్టుకోకుండా షాపు ఊడ్చి టీ తెచ్చి పెడతా అన్నా. ఊడ్వనివ్వలేదు, రెండో రోజే ఒక స్టేటర్ (మోటారులో తిరగని భాగం, వైండింగ్ ఉండేది దీంట్లోనే) ముందు కూర్చోబెట్టాడు.

కాలిపోయిన వైండింగ్ కోసి తీసేటప్పుడు మొదట చుట్లు లెక్కపెట్టాలి. ఒక స్లాట్‌లో ఎన్ని, తీగ గేజ్ ఎంత, కాయిల్ ఎక్కడ మొదలై ఎక్కడికి పోతోంది, అంతా సున్నంముక్కతో పలక మీద రాసుకుంటాడు. 24 స్లాట్లు. సబ్‌మెర్సిబుల్ మోటారు కాబట్టి లోపల నీళ్ళుంటాయి, తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, దాన్ని మామూలు మోటారులా కాయిల్ చుట్టి దించడం కుదరదు, ఒక్కో చుట్టూ స్లాట్‌లోంచి చేత్తో లాగాలి. ఒకరు ఇటు పక్క నుంచి తోస్తే ఇంకొకరు అటు పక్క లాగాలి. ఎక్కడైనా తొడుగు గీసుకుపోతే ఆ మోటారు బోరులోకి దిగిన రోజే మళ్ళీ కాలుతుంది. నేను చుట్టిన మొదటి కాయిల్‌ని మేస్త్రి వేళ్ళతో తడిమి చూసి, ఏం అనకుండా మొత్తం పీకేశాడు. గోరంత గీత, నాకు కనపడనే లేదు. చుట్టడం అయ్యాక స్టేటర్‌ని నీళ్ళ డ్రమ్ములో ముంచి మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెడతారు, ముల్లు పైన నిలబడితేనే బయటికి తీస్తారు.

ఆ పెద్దాయన ప్రశ్నకి జవాబు నాలుగో రోజే దొరికింది. మేస్త్రి రెండు స్టేటర్లు పక్కపక్కన పెట్టి చూడమన్నాడు. ఒకదాంట్లో అన్ని కాయిళ్ళూ ఒకేలా మాడి ఉన్నాయి. రెండోదాంట్లో రెండు ఫేజుల కాయిళ్ళు బొగ్గయ్యాయి, మూడో ఫేజు తీగ కొత్తదానిలా మెరుస్తోంది. "మొదటిది ఓల్టేజీ లేకనో, లోడు ఎక్కువయ్యో కాలింది. ఇది చూడు, ఒక ఫేజు పోయింటే రెండింటి మీద తిరిగి సచ్చింది" అన్నాడు. స్టార్ కనెక్షన్‌లో ఒక ఫేజు తెగితే మిగతా రెండింట్లో కరెంటు 1.73 రెట్ల దాకా పెరుగుతుందని పరీక్షలో రాశాను నేను. మెరిసే ఆ మూడో తీగ చూసేదాకా అదేంటో నాకు తెలియలేదు. ఆరు వారాల్లో వచ్చిన 41 మోటార్లకి కారణాలు డైరీలో రాశా, 17 ఇలా ఒక ఫేజు పోయి కాలినవే. అందులో చాలావాటికి స్టార్టర్‌లో, కరెంటు ఎక్కువైతే మోటారు ఆపేసే ఓవర్‌లోడ్ రిలే లేదు, లేదా ఊరికే ట్రిప్ అవుతోందని రైతే బైపాస్ చేయించుకున్నాడు. ఎందుకు చేయించుకుంటారంటే, పగలు ఇచ్చే కరెంటులో మోటారు గంటసేపు ఆగినా చీనీ (బత్తాయి) చెట్లు ఎండుతాయి, రాత్రి వచ్చి మళ్ళీ వేసుకునే వీలుండదు. వాళ్ళది తెలియనితనం అని ఇకమీద నేను అనను.

మేస్త్రి రోజుకు నూట యాభై ఇచ్చాడు, నేను అడక్కముందే. లెటర్‌హెడ్ లేదు కాబట్టి సార్ చెప్పినట్టే బిల్లు పుస్తకం కాగితం మీద రాయించా. ఆయన పేరు ఇంగ్లిష్‌లో రాయడం రాదని తెలుగులో సంతకం పెట్టాడు. హెచ్‌ఓడీ డైరీ మొత్తం తిరగేసి, ఆ 17 మోటార్ల పేజీల దగ్గర ఆగి, ఆఖరి సెమిస్టర్‌లో దీని మీదే ప్రాజెక్టు చేస్తావా అన్నారు. చేస్తా అన్నా. తక్కువ ఖర్చులో ఒక ఫేజు పోతే ఆపేసి, కరెంటు సరిగ్గా వచ్చాక తనంతట తానే మళ్ళీ వేసే పరికరం, అదీ రైతు బైపాస్ చేయాల్సిన అవసరం రాకుండా. మార్కెట్లో ఒక ఫేజు పోతే ఆపేసే ప్రివెంటర్లు ఉన్నాయి, మేస్త్రి దగ్గర పాడైనవి నాలుగు ఉంటే తెచ్చుకున్నా, విప్పి చూస్తున్నా.

సబ్‌స్టేషన్ అన్నా, ఎస్‌పీఎం షెడ్డుకి లెటర్ ఇప్పుడే ఇస్తే డిసెంబరుకి అనుమతి వస్తుందంటారా? ఇంకోటి, మా సర్వే చేసిన ఊరికి పోయిన ఆదివారం వెళ్ళా. పెద్దాయన స్టార్టర్ డబ్బా తెరిచి చూశాం, మా మేస్త్రి కూడా వచ్చాడు, మెయిన్ ఆపి ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాకే తెరిచాం. రిలే బైపాస్ చేసి ఉంది.

సబ్‌స్టేషన్ అన్న

వస్తుంది, ఈ వారమే ఇవ్వు. కాపీ మీద తేదీ ముద్ర వేయించుకో. పోయేటప్పుడు ఆ డైరీ తీసుకుపో. ఆ ఊరికి వచ్చే ఫీడరు ఏదో, ఆ 17 మోటార్లు ఏ తేదీల్లో కాలాయో నాకు మెసేజ్ చెయ్యి. మా పరిధిలోదైతే లాగ్‌షీట్లు తీసి చూస్తా, కాకపోతే ఆ సబ్‌స్టేషన్‌లో ఎవర్ని అడగాలో చెప్తా.